లాట్ నంబరు చూసి కొను బిడ్డా

బిడ్డా,

ఎయిర్ రైఫిల్‌లో రాష్ట్ర పోటీలకు పోతున్నావని, ఈసారి పెల్లెట్లు, అదే రైఫిల్‌లో వేసే ఆ చిన్న గుళ్లు, నువ్వే టెస్ట్ చేసి మంచి లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) ఏదో తేల్చుకుంటానన్నావని తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు. మీ పెద్దమ్మను పిలిచి మళ్లీ చెప్పించుకున్నాను, అంత సంతోషమైంది. ఫోన్ పెట్టేశాక మాత్రం, సిలిండర్ ఎక్కడ నింపిస్తున్నావో అడగలేదే అని టెన్షన్ పట్టుకుంది. ఆ మాటే ముందు చెప్తాను.

రైఫిల్‌కు ఉండే ఆ చిన్న సిలిండర్‌లో 200 బార్ల ఒత్తిడితో గాలి పడుతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో అంత ఒత్తిడి రాదు. అప్పుడు ఎవరో ఒకరు "వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ ఉంది కదా, అదీ గాలే" అంటారు. వద్దు బిడ్డా, ఎవరు చెప్పినా వినకు. ఆ ఒత్తిడిలో ఆక్సిజన్‌కు ఇంత నూనె, గ్రీజు తగిలితే చాలు, అంటుకుని పేలుతుంది. తేమ, నూనె లేని గాలే నింపించు. సిలిండర్ మీద తయారైన తేదీ కొట్టి ఉంటుంది. పదేళ్లు దాటితే పోటీలో తనిఖీ వాళ్లు ఎట్లాగూ ఒప్పుకోరు. వాళ్లు చూడకపోయినా నువ్వు వాడొద్దు. మే నెల ఎండలో కారులో పెట్టి మర్చిపోకు. ఇంట్లో ఎవరూ లేకపోయినా, గన్ ఖాళీదే అయినా, నోరు మనిషి వైపు తిప్పొద్దు.

ఇక పెల్లెట్ల సంగతి. అది సీసం. షూటింగ్ అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏమీ తినొద్దు. కొందరు పిల్లలు లోడ్ చేసేటప్పుడు పెల్లెట్‌ను పెదాల మధ్య పెట్టుకుంటారు. నువ్వు అట్లా చేశావని తెలిస్తే వచ్చి చెవి మెలేస్తాను.

నేను కోచింగ్ ఇచ్చే రోజుల్లో పరకాల నుంచి ఒక పిల్లగాడు వచ్చేవాడు. మెతక మనిషి, చేయి మాత్రం రాయిలా నిలిచేది. ఎక్కడి నుంచో రెండు మూడు రకాల డబ్బాలు తెచ్చి, బల్ల మీద మోచేతులు ఆనించి ఒక్కో దాంతో అయిదేసి కొట్టాడు. ఒక డబ్బావి అయిదూ ఒకే రంధ్రంలో పడ్డాయి. ఆ గురి కార్డు జేబులో పెట్టుకుని అందరికీ చూపించాడు. వాళ్ల నాయన ఏనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మిన డబ్బుల్లోంచి తీసి, సంవత్సరానికి సరిపడా అవే డబ్బాలు కొనిచ్చాడు.

పోటీలో పది, పది, పది కొడుతూ ఉన్నట్టుండి ఒక తొమ్మిది పడేది. మళ్లీ నాలుగైదు బాగా పడేవి, మళ్లీ ఒకటి పక్కకు పోయేది. వాడు డబ్బాను అనుమానించలేదు, తన మీదే అనుమానం పెట్టుకున్నాడు. ట్రిగ్గర్ బరువు మార్చాడు. నిలబడే తీరు మార్చాడు. చెంప ఆనించే చోటు మార్చాడు. ఏడాది తిరిగేసరికి వాడికి సొంతమైన పద్ధతంటూ ఏదీ మిగల్లేదు. చివరికి వేరే ఊరి కోచ్ ఒకాయన ఆ రైఫిల్‌ను వైసులో, అంటే కదలకుండా పట్టి ఉంచే ఇనుప పట్టులో, బిగించి అదే డబ్బావి ముప్పై కొట్టించాడు. మనిషి చేయి తగలకుండానే రెండు పెల్లెట్లు గుంపు విడిచి పక్కకు పడ్డాయి. పిల్లగాడు ఆ కార్డు చూసి ఏడ్వలేదు, ఒక్క మాటా అనలేదు. తర్వాత నెలకు రావడం మానేశాడు.

అయిదు పెల్లెట్లు అదృష్టంతో కూడా ఒక్కచోట పడతాయి బిడ్డా. ఒక్కో లాట్‌కు పదేసి చొప్పున మూడు గుంపులైనా కొట్టు. బాగా పడిన కార్డు ఒక్కటే దాచుకోకు, చెడ్డది కూడా నోట్‌బుక్‌లో అంటించు. నిన్ను నువ్వు ఊరికే అనుమానించుకోకుండా ఉండడానికే ఈ టెస్టంతా. రేపు లైన్ మీద 9.8 పడితే, తప్పు పెల్లెట్‌ది కాదని నీకు తెలిసి ఉండాలి. అప్పుడే దిద్దుకోగలవు.

బట్ విప్పేసి, గన్ ఇనుప బాడీని తోలు ముక్కల మధ్య వైసులో బిగించు. బ్యారెల్‌ను, సిలిండర్‌ను బిగించొద్దు. ఫ్యాన్ ఆపు, కిటికీలు మూయి. బ్యారెల్ తుడిచాక మొదటి కొన్ని అటూ ఇటూ పడతాయి, వాటిని లెక్కలోకి తీసుకోకు. ప్రతి లాట్‌కూ సిలిండర్‌లో గాలి దాదాపు ఒకే స్థాయిలో ఉండాలి. పెల్లెట్ తల సైజు 4.49, 4.50 అని డబ్బా మీద రాసి ఉంటుంది. ఏది నీ బ్యారెల్‌కు నప్పుతుందో కార్డే చెప్తుంది, పక్కవాళ్ల రైఫిల్ చెప్పదు. పది పెల్లెట్ల గుంపు బయటి అంచు నుంచి అంచుకు అయిదున్నర మిల్లీమీటర్ల లోపు ఉంటే నా లెక్కలో అది మంచి లాట్. పావు మిల్లీమీటర్ జరిగితే 0.1 పోతుంది. షాట్‌కు 10.9 చొప్పున అరవై షాట్లకు 654 పూర్తి మార్కులున్న ఆటలో అది చిన్న సంగతి కాదు.

తేల్చుకున్నాక డబ్బా అడుగున ఉన్న లాట్ నంబరు రాసుకుని, అదే నంబరువి కొను. అదే కంపెనీ, అదే రంగు డబ్బా అయినా నంబరు మారితే మళ్లీ టెస్ట్ చేయాల్సిందే.

2012లో లండన్‌లో గగన్ నారంగ్‌కు కాంస్యం వచ్చిన రోజు, హైదరాబాద్‌లో పెరిగిన పిల్లగాడు కదా అని మన వాడకట్టంతా మిఠాయి పంచాను. నీకు పతకం రావాలని ఇప్పుడే అడగను. తిండి మానేసి ప్రాక్టీస్ చేస్తున్నావని మీ అమ్మ అంది, అది మాత్రం మానుకో. డబ్బుకు వెనకాడి తక్కువ డబ్బాలతో టెస్ట్ ముగించొద్దు. ఎంతైనా నేను పంపుతాను, తమ్ముడికి చెప్పాల్సిన పని లేదు.

వైసు హన్మకొండలో మన ఇంటి వెనక షెడ్డులోనే ఉంది, నూనె వేసి ఉంచాను. ఆదివారం రైఫిల్ తీసుకుని రా. ఈలోపు సిలిండర్ మీది తేదీ ఫోటో తీసి ఈ రాత్రికే పంపు.

నీ పెద్దబాపు