తొక్కలు, పిప్పి: పారేసే వాటిలో పనికొచ్చేది ఎంత?

ప్రశ్న: టమాటా సాస్, బంగాళాదుంప చిప్స్, క్యారెట్ రసం వంటివి తయారుచేసే కర్మాగారాల్లో మిగిలిపోయే తొక్కలు, గింజలు, పిప్పి నుంచి ఆరోగ్యానికి మేలుచేసే పదార్థాలను వేరుచేసి మాత్రలుగా అమ్ముతున్నారని చదివాను. పారేసే వాటిలో అంత విలువైనవి నిజంగా ఉంటాయా? వాటిని ఎలా తీస్తారు? ఆ మాత్రలు కూరగాయలకు బదులుగా పనికివస్తాయా? (ఒక పాఠకురాలు)

జవాబు: ఉంటాయి. అందుకు రెండు కారణాలున్నాయి. శిలీంధ్రాలు, పురుగులు, అతినీలలోహిత కిరణాలు మొదట తాకేది పైపొరనే కనుక, వాటిని తట్టుకోవడానికి మొక్క తయారుచేసుకునే ఫినాలిక్ పదార్థాలు చాలా కూరగాయల్లో తొక్కలోనే ఎక్కువగా పోగవుతాయి. ఉల్లిపాయపై ఎండి రాలిపోయే పొరల్లో క్వెర్సెటిన్ అనే ఫినాలిక్ పదార్థం లోపలి తెల్లని పొరల్లో కంటే అనేక రెట్లు ఎక్కువగా ఉంటుంది. రెండో కారణం రసం తీసే పద్ధతిలో ఉంది. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్, క్యారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్ నీటిలో కరగవు కాబట్టి, పిండినప్పుడు వాటిలో గణనీయమైన భాగం రసంలోకి రాకుండా పిప్పిలోనే నిలిచిపోతుంది.

తీయడమే అసలు కష్టం. పిప్పిలో ఎక్కువ భాగం నీరే కావడంతో, కర్మాగారం నుంచి బయటపడిన కొద్ది గంటల్లోనే పులవడం మొదలవుతుంది. త్వరగా ఆరబెట్టాలని వేడి పెంచితే, గాలి తగిలి లైకోపీన్ ఆక్సీకరణం చెంది రంగు వెలుస్తుంది. పైగా ఈ వర్ణకాలు కణాల లోపల, సెల్యులోజ్, పెక్టిన్ గోడల వెనుక చిక్కుకుని ఉంటాయి. ఆ గోడలను సడలించడానికి కొన్నిచోట్ల ముందుగా ఎంజైములను కలుపుతారు. తరువాత హెక్సేన్, ఇథైల్ అసిటేట్ వంటి ద్రావకాలతో వర్ణకాన్ని లాగి, మిగిలిన ద్రావకాన్ని ఆహారానికి అనుమతించిన మేరకు తొలగించాలి.

ద్రావకం అవశేషాల బెడద లేని పద్ధతి మరొకటి ఉంది. కార్బన్ డయాక్సైడ్‌ను 31 డిగ్రీల సెల్సియస్, వాతావరణ పీడనానికి సుమారు 73 రెట్ల పీడనం దాటిస్తే, అది వాయువులా సందుల్లోకి చొరబడుతూనే ద్రవంలా పదార్థాలను కరిగించుకుంటుంది. లైకోపీన్ కోసం పీడనాన్ని ఇంకా చాలా పెంచవలసి ఉంటుంది. పిప్పిలో ఉన్న టమాటా గింజల నూనె కూడా దానితో పాటు కరిగి లైకోపీన్‌ను బయటికి తీసుకురావడం ఇందులో నాకు ముచ్చటగా తోచే విషయం. పీడనం తగ్గించగానే వాయువు వేరైపోయి, చిక్కని ముదురు ఎరుపు నూనె మిగులుతుంది. అయితే క్వెర్సెటిన్‌కు ఈ పద్ధతి అంతగా నప్పదు. ఉల్లి పొరల నుంచి దాన్ని తీయడానికి నీరు కలిపిన ఇథనాల్ మేలు.

తీసిన పదార్థం ఏ రూపంలో చేతికొచ్చిందనేది కూడా ముఖ్యమే. బ్రకోలీ కాడల్లో, ఆకుల్లో గ్లూకోరఫానిన్ అనే పదార్థం ఉంటుంది. దానంతట అది పెద్దగా పనిచేయదు. కోసినప్పుడో నమిలినప్పుడో, విడిగా ఉన్న మైరోసినేజ్ అనే ఎంజైము దానికి తగిలితేనే, మేలుచేస్తుందని భావించే సల్ఫోరఫేన్ తయారవుతుంది. నిల్వ కోసం కాడలను ముందే వేడినీటిలో ముంచి తీస్తే ఎంజైము నశిస్తుంది. ఇక ఆ మార్పు పేగుల్లోని సూక్ష్మజీవుల దయ, అది మనిషికీ మనిషికీ మారుతుంది. బంగాళాదుంప తొక్క విషయంలో మరో జాగ్రత్త అవసరం. అందులో క్లోరోజెనిక్ ఆమ్లం అనే ఫినాలిక్ పదార్థంతో పాటు సోలనిన్, చాకోనిన్ అనే విషపదార్థాలు కూడా ఉంటాయి. దుంపల్లో ఇవి కిలోకు 200 మిల్లీగ్రాములు మించరాదన్నది సాధారణంగా పాటించే పరిమితి. మేలు చేసేదాన్ని గాఢపరిచేటప్పుడు వీటిని కూడా గాఢపరచకుండా చూసుకోవాలి.

మాత్రలు కూరగాయలకు బదులవుతాయా అన్న ప్రశ్నకు నా సమాధానం కావు అనే. ఫిన్లాండ్‌లో 50 నుంచి 69 ఏళ్ల మధ్య వయసున్న 29,133 మంది పొగతాగే పురుషులపై జరిపిన పరీక్ష ఫలితాలు 1994లో వెలువడ్డాయి. రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా, తీసుకోనివారి కంటే 18 శాతం ఎక్కువగా కనిపించింది. అమెరికాలో ఇటువంటిదే మరో పరీక్షను 1996లో మధ్యలోనే ఆపేశారు. అందువల్ల పరీక్షనాళికలో ఆక్సీకరణాన్ని అడ్డుకున్న పదార్థం శరీరంలోనూ అంతే మేలు చేస్తుందని గానీ, ‘సహజం’ అని రాసి ఉన్నంత మాత్రాన ఎంత మోతాదైనా ఫరవాలేదని గానీ అనుకోకూడదు. నా దృష్టిలో ఈ పిప్పికి తగిన చోటు మందుల సీసా కంటే ఆహారమే: క్యారెట్ పిప్పిని పీచుపొడిగా రొట్టెల్లోనూ బిస్కెట్లలోనూ, బీట్‌రూట్ తొక్కలోని బెటానిన్‌ను, టమాటా లైకోపీన్‌ను ఆహారపు రంగులుగానూ వాడుకోవచ్చు.

ప్రశ్న: అయితే ఇంట్లో వండేటప్పుడు తొక్కలు తీయకుండా తినవచ్చా? (మరో పాఠకుడు)

జవాబు: క్యారెట్, బీట్‌రూట్ తొక్కలను బాగా రుద్ది కడిగి తినవచ్చు. టమాటాను తొక్కతోనే కొద్దిగా నూనె వేసి ఉడికిస్తే, వేడికి కణాల గోడలు సడలి, లైకోపీన్ నూనెలో కరిగి ఒంటికి బాగా పడుతుంది. ఆకుపచ్చబడిన లేదా మొలకెత్తిన బంగాళాదుంపలను మాత్రం తొక్కతో తినకూడదు. సోలనిన్ ఉడికించినా పోదు కనుక, పచ్చదనం ఎక్కువగా ఉంటే దుంపనే పారేయడం మంచిది.