16 ఏళ్ల సర్వీసు, ఒక్క ‘డిస్మిస్’ ముద్ర: పెన్షన్ పూర్తిగా పోయినట్టేనా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. మా ఆయన ఆర్మీలో, ఆర్టిలరీలో 16 ఏళ్ల 4 నెలలు పనిచేశాడు. మా మామకు పక్షవాతం వస్తే నెల సెలవు మీద వచ్చాడు. సెలవు అయిపోయినా తిరిగి పోలేదు, ఎంజీఎం ఆసుపత్రిలో మామ దగ్గరే ఉన్నాడు. తిడతారన్న భయంతో యూనిట్‌కు ఫోను కూడా చేయలేదు. ఏడు నెలలకు మామ పోయాడు. కర్మకాండలయ్యాక తానే వెళ్లి యూనిట్‌లో లొంగిపోయాడు. అక్కడ కోర్టు మార్షల్ (ఆర్మీ సొంత కోర్టు విచారణ) పెట్టి డిస్మిస్ చేసి ఇంటికి పంపారు. ఆయన వచ్చి నాలుగు నెలలైంది. పెన్షన్ రాదంటున్నారు. సెక్యూరిటీ గార్డుగా పోదామంటే కాగితాలు చూసి వద్దన్నారు. ఇక ఆయనకు ఓటు కూడా ఉండదని, పిల్లలకు గవర్నమెంటు నౌకరీలు రావని ఊళ్లో అంటున్నారు. ఇవన్నీ నిజమేనా? మాకేమన్నా దారి ఉందా?

జవాబు: అమ్మా, ముందు మీ టెన్షన్ కొంత దించుతాను. ఓటు ఎక్కడికీ పోదు. డిస్మిస్ అయినంత మాత్రాన ఓటర్ల జాబితాలో పేరు తీసేసే చట్టం మన దేశంలో లేదు. పోటీ చేయడం సంగతి వేరు. అవినీతికో, దేశానికి ద్రోహం చేసినందుకో ప్రభుత్వ కొలువు నుంచి డిస్మిస్ అయినవాళ్లు ఐదేళ్లపాటు అసెంబ్లీకి, పార్లమెంటుకు పోటీ చేయకూడదని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 9వ సెక్షన్ చెబుతుంది. సెలవు మీరినందుకు అది వర్తించదు. పిల్లల చదువుకు, నౌకరీలకు తండ్రి డిస్మిసల్‌తో సంబంధమే లేదు. ఊళ్లో ఈ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో ఊహించగలను. అమెరికాలో ‘డిసానరబుల్ డిశ్చార్జి’ అని ఒక శిక్ష ఉంది. అది పడినవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం కూడా అక్కడ నేరం. ఫోన్లో ఆ వీడియోలు చూసి మన జవాన్లకూ అదే రూల్ అనుకుంటున్నారు. మన ఆర్మీ చట్టంలో ఆ పేరుతో శిక్షే లేదు.

మన దగ్గర ఉన్నవి మూడు మాటలు: డిశ్చార్జి, రిమూవల్, డిస్మిసల్. మీ ఆయన కాగితాల్లో ఈ మూడింటిలో ఏది రాశారో మీ కళ్లతో చదవండి. ‘ఇంటికి పంపించేశారు’ అని అందరూ ఒకే మాట అంటారు కానీ లెక్క అంతా ఆ ఒక్క పదం మీదే ఉంది. రెడ్ ఇంక్ ఎంట్రీలు (సర్వీసు రికార్డులో ఎక్కిన శిక్షలు) ఎక్కువై డిశ్చార్జి అయిన జవానుకు 15 ఏళ్ల సర్వీసు నిండి ఉంటే పెన్షన్ వస్తుంది. రిమూవల్ అయితే పెన్షన్, గ్రాట్యుటీ ఇవ్వాలా వద్దా అని పరిశీలిస్తారు. డిస్మిసల్ అయితే 1961 పెన్షన్ నిబంధనల్లోని 113వ నిబంధన ప్రకారం అంతకుముందు చేసిన సర్వీసంతటికీ పెన్షన్, గ్రాట్యుటీ రెండూ పోతాయి. 2008 నిబంధనలూ ఇదే మాట అంటాయి. పెన్షనే లేనప్పుడు, ఆయన తర్వాత మీకు రావాల్సిన ఫ్యామిలీ పెన్షనూ ఉండదు. 15 ఏళ్లు దాటించి ఒక్క పదం దగ్గర అంతా జారిపోవడం ఎంత బాధో నాకు తెలుసు. అదే నిబంధనలో ఒక సందు కూడా ఉంది. ప్రత్యేక పరిస్థితుల్లో రాష్ట్రపతి విచక్షణ మేరకు, మామూలుగా డిశ్చార్జి అయితే వచ్చేదానికి మించకుండా పెన్షన్ మంజూరు చేయవచ్చు. అది హక్కు కాదు, దయ. అర్జీ పెట్టుకోవచ్చు కానీ దాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోవద్దు.

మిగతా నష్టాలు కూడా దాచకుండా చెబుతాను. డిస్మిస్ అయిన మనిషి ‘మాజీ సైనికుడు’ అన్న నిర్వచనంలోకి రాడు. అంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఇచ్చే గుర్తింపు కార్డు, క్యాంటీన్, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) వైద్యం, ఉద్యోగాల్లో ఎక్స్‌సర్వీస్‌మెన్ కోటా ఇవేవీ ఉండవు. సెక్యూరిటీ గార్డు నౌకరీ దగ్గర వద్దన్నది కూడా ఆ ఏజెన్సీ వాళ్ల చాదస్తం కాదు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం 2005లో వచ్చింది. సైన్యంలో దుష్ప్రవర్తన కారణంగా డిస్మిస్ లేదా రిమూవ్ అయినవాళ్లను గార్డుగా గానీ, సూపర్‌వైజరుగా గానీ పెట్టుకోకూడదని దాని 10వ సెక్షన్‌లో ఉంది. ఆర్మీ నుంచి వచ్చినవాళ్లందరికీ మొదట తట్టే పని అదే, సరిగ్గా అక్కడే తలుపు మూసేశారు. కాగితాలు దాచి మరో ఏజెన్సీలో చేరుదామన్న ఆలోచన ఉంటే మానుకోండి. డ్రైవింగ్, మెకానిక్ పని, సొంత వ్యాపారం, మామూలు కంపెనీ ఉద్యోగం దేనికీ ఈ చట్టం అడ్డు రాదు. ప్రభుత్వ ఉద్యోగ దరఖాస్తుల్లో ‘ఇంతకుముందు ఎక్కడైనా డిస్మిస్ అయ్యారా’ అని అడుగుతారు. అక్కడ ‘లేదు’ అని రాస్తే తర్వాత దొరికినప్పుడు ఆ ఉద్యోగమూ పోతుంది. సమాచారం దాచడం గురించి సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో వివరంగా చెప్పింది. పీఎఫ్ మాత్రం ఆయన జీతంలోంచి కోసి జమచేసిన సొంత డబ్బు. అది రాకపోయి ఉంటే నాసిక్ రోడ్‌లోని ఆర్టిలరీ రికార్డ్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో రాయండి.

ఇప్పుడు దారి గురించి. మీరు రాసిన దాన్ని బట్టి అది సమ్మరీ కోర్టు మార్షల్ అయి ఉంటుంది. అంటే సొంత యూనిట్ కమాండింగ్ ఆఫీసరే జడ్జి. చాలాసార్లు ఒక్క పూటలో ముగుస్తుంది. ఇలాంటివి మా చాంబరుకు వచ్చినప్పుడు నేను మొదట అడిగేది ‘గిల్టీ అన్నావా?’ అనే. తల దించుకుని ‘అన్నాను సార్, వదిలేస్తారనుకున్నా’ అంటారు. గిల్టీ అంటే ఏమవుతుందో ఆ జవానుకు వివరించాలని ఆర్మీ రూల్స్ చెబుతాయి. చార్జి చెప్పిన తర్వాత విచారణకు కనీసం 96 గంటల వ్యవధి ఇవ్వాలి, యాక్టివ్ సర్వీసులో (శత్రువుతో తలపడే విధుల్లో) ఉంటే 24 గంటలు. అంతకుముందు సాక్ష్యాల సారాంశం రికార్డు చేసి ఉండాలి. ఇవన్నీ నిజంగా జరిగాయో లేదో ప్రొసీడింగ్స్ కాగితాల్లో తేలుతుంది. వాటి కాపీ డబ్బు కట్టి తీసుకునే హక్కు 147వ రూల్ కింద ఆయనకు ఉంది. అవి లేకుండా నేనైనా, ఏ వకీలైనా చెప్పేది ఊహే.

చార్జి కూడా చూడండి. సెలవు మీరడం ఆర్మీ చట్టం 39వ సెక్షన్, గరిష్ఠ శిక్ష మూడేళ్ల జైలు. డెసర్షన్, అంటే పారిపోవడం, 38వ సెక్షన్. అది యాక్టివ్ సర్వీసులో కాకపోతే ఏడేళ్లదాకా. రెండింటికీ తేడా మనసులోని ఉద్దేశం. తిరిగి రాకూడదనుకున్నవాడు డెసర్టర్. మంచాన పడ్డ తండ్రి దగ్గరుండి, కర్మకాండలు కాగానే ఎవరూ పట్టుకోకుండా తనంతట తానే వెళ్లి యూనిట్ గేటు దగ్గర నిలబడ్డవాడికి ఆ ఉద్దేశం ఉందనడం కష్టం. ఎంజీఎం కేస్ షీటు, ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీ, మరణ ధ్రువీకరణ పత్రం, సెలవు పొడిగించమని ఉత్తరంగానో వాట్సాప్‌లోనో ఏదైనా పంపి ఉంటే అదీ జాగ్రత్త చేయండి. ఫోను చేయకపోవడం ఆయన తప్పే. ఆ ఒక్క ఫోనుతో కథ వేరేగా ఉండేది.

తప్పు ఉన్నంత మాత్రాన శిక్ష ఎంతైనా వేయొచ్చని కాదు. 1987లో రంజిత్ ఠాకూర్ కేసులో ఒక సిగ్నల్‌మన్ (ఆర్మీ సిగ్నల్స్ విభాగం జవాను) అన్నం తినమంటే తినలేదని కోర్టు మార్షల్ చేసి, ఏడాది జైలు వేసి డిస్మిస్ చేశారు. అంతకుముందు ఆయన ఎవరి మీద ఫిర్యాదు చేశాడో ఆ ఆఫీసరే విచారణలో కూర్చున్నాడు. సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. తప్పుకు, శిక్షకు పొంతన ఉండాలన్న మాట అప్పటి నుంచి సైనిక కేసుల్లో వినిపిస్తూనే ఉంది. 16 ఏళ్ల సర్వీసులో ఇంతకుముందు మచ్చ లేకపోతే, డిస్మిసల్‌ను తగ్గించి డిశ్చార్జిగా మార్చమని అడగడం మీకున్న బలమైన వాదన. అది నెగ్గితే 15 ఏళ్లు నిండినందున పెన్షన్ తలుపు తెరుచుకుంటుంది. ఇదివరకే రెడ్ ఎంట్రీలు ఉంటే వాదన అంత సాఫీగా సాగదు, అది ముందే మీ వకీలుకు చెప్పండి.

ఎక్కడ వేయాలి? ఆర్మీ చట్టం 164వ సెక్షన్ కింద పై అధికారులకు పిటిషన్ పెట్టుకోవచ్చు. ఆ తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్. మన వరంగల్ జిల్లా కోర్టులో సివిల్ దావా వేస్తే కాలం వృథా. ట్రిబ్యునల్ చెన్నై బెంచి తమిళనాడుతోపాటు మన రాష్ట్రాన్నీ చూస్తుంది. యూనిట్ ఏ సరిహద్దులో ఉన్నా సరే, సర్వీసు నుంచి బయటికొచ్చిన మనిషి తాను ఉంటున్న చోటును బట్టి వేసుకోవచ్చు. వరంగల్ స్టేషన్లో రాత్రి రైలెక్కితే పొద్దుటికి చెన్నై. గడువు మాత్రం తుది ఆర్డరు నుంచి ఆరు నెలలే. పిటిషన్ పెట్టి ఆరు నెలలు జవాబు రాకపోతే, ఆ తర్వాత ఇంకో ఆరు నెలలు ఉంటుంది. ఆలస్యాన్ని మాఫీ చేసే అధికారం ట్రిబ్యునల్‌కు ఉన్నా, దాన్ని నమ్ముకుని ఆగకండి. మీ నాలుగు నెలలు ఇప్పటికే అయిపోయాయి. ఈ వారంలోనే 147వ రూల్ కింద ప్రొసీడింగ్స్ కాపీ కోసం రికార్డ్ ఆఫీసుకు రాయించండి. 164 పిటిషన్ కూడా దాంతోపాటే పంపి రెండింటి పోస్టు రసీదులు భద్రంగా ఉంచండి. కాపీ చేతికి రాగానే హనుమకొండ అదాలత్ దగ్గర మా చాంబరుకు మీ ఆయన్ను తీసుకుని రండి. ఆయన నోటితో కూడా వినాలి.