టెయిలింగ్ పాండ్ కింద వంక నీళ్లకు ఒక్క యురేనియం టెస్టు సరిపోతుందా?

మాది కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని వైపు, గొడ్లు వంక నీళ్లే తాగుతాయి, ఒకసారి యురేనియం టెస్టు చేయిస్తే మిల్లు టెయిలింగ్ పాండ్ (ఖనిజం నుంచి యురేనియం తీశాక మిగిలిన వ్యర్థాన్ని నిల్వ చేసే చెరువు) నుంచి ఏమైనా వస్తోందో లేదో తేలిపోతుందా అని అడిగారు. తేలదండీ. నీటి పరీక్షల ల్యాబు తరఫున గనుల చుట్టుపక్కల శాంపిళ్లు పట్టినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

అసలు చిక్కు మీ నేలలోనే ఉంది. అక్కడి వేంపల్లె డోలమైట్ రాళ్లలో యురేనియం సహజంగానే ఉంటుంది, గని వచ్చిందే దానికోసం. లీటరుకు 40 మైక్రోగ్రాములని రిపోర్టు వస్తే అది రాయిదో పాండ్‌దో ఆ అంకెను చూసి చెప్పలేం. అందుకే పాండ్‌కు ఎగువన ఒక శాంపిల్, కట్ట కింద ఒకటి, ఇంకాస్త దిగువన ఒకటి, మూడూ ఒకే రోజు పట్టాలి. మధ్యలో వేరే వంక కలుస్తుంటే అది కలవకముందు ఒకటి, కలిశాక ఒకటి.

యురేనియంతో పాటు సోడియం, సల్ఫేట్, బైకార్బొనేట్ కూడా చూడమనండి. జార్ఖండ్‌లోని జాదూగూడ మిల్లులో ఖనిజాన్ని యాసిడ్‌తో కరిగిస్తారు. తుమ్మలపల్లెలో సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్‌తో కరిగిస్తారు. ఖనిజంలో ఉండే పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఆ క్రమంలో సల్ఫేట్‌గా మారుతుంది. దిగువన యురేనియం ఒక్కటే పెరిగి మిగతావి ఎగువలాగే ఉంటే నేను ముందు రాయినే అనుమానిస్తాను. అన్నీ కలిసి పెరిగితే పాండ్ వైపు చూస్తాను. అరటి తోటల ఎరువుల్లోనూ సల్ఫేట్ ఉంటుంది, కాబట్టి నైట్రేట్ కూడా రాయించండి, అదీ పెరిగితే ఎరువులనూ అనుమానించాలి. మిల్లు యురేనియం తీసుకుని రేడియాన్ని వ్యర్థంలోనే వదిలేస్తుంది, డబ్బులుంటే రేడియం-226 కూడా.

ఎప్పుడు పట్టాలన్నది ఇంకా ముఖ్యం. ఎండాకాలంలో కట్ట అడుగున ఊట ఉన్నచోట మట్టి చెమ్మగా ఉండి, దాని అంచున తెల్లగా చౌడు పేరుకుంటుంది. సీమలో చౌడు ఎక్కడైనా కడుతుంది, చూడగానే టెన్షన్ పడక్కర్లేదు. కానీ తొలి వానకు అదంతా కరిగి వంకలో పడుతుంది. ఆ మొదటి పారుదలలో ఒక శాంపిల్, వంక తేటపడ్డాక ఇంకొకటి పట్టండి. చేతిలో పట్టే ఈసీ మీటరు (నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో విద్యుత్ వాహకతను బట్టి చూపేది) ఒకటి కొనుక్కుంటే మధ్యలో మీరే చూసుకోవచ్చు. ఈసీ ఉన్నట్టుండి పెరిగిన రోజే ల్యాబుకు పంపితే ఖర్చు కలిసొస్తుంది.

లోహాల శాంపిల్‌ను 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి, నైట్రిక్ యాసిడ్ కలిపి పీహెచ్ 2 కన్నా తగ్గించాలి. లేకపోతే లోహాలు కొంత సీసా గోడలకే అంటుకుని అంకె తక్కువ వస్తుంది. సల్ఫేట్, నైట్రేట్, బైకార్బొనేట్ లాంటి ఉప్పులకు యాసిడ్ లేని వేరే సీసా, ఐస్ పెట్టెలో. యాసిడ్ పోసి ఇచ్చిన సీసాను మాత్రం కడగొద్దు.

ల్యాబుకు ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందంటే చాలదు, అందులో యురేనియం పరీక్ష ఉందో లేదో అడగండి. రిపోర్టులో ఏ పరిమితితో పోల్చారో కూడా చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థది తాగునీటికి లీటరుకు 30 మైక్రోగ్రాములు, మన అణుశక్తి నియంత్రణ మండలిది 60. మీ 40 ఒకదాని ప్రకారం ఫెయిల్, ఇంకోదాని ప్రకారం పాస్.