నాన్నగారి పాత డయల్-అప్ చందా: కట్టిన డబ్బు తిరిగొస్తుందా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా నాన్నగారు 1996లో ఇక్కడ ఉద్యోగం చేస్తున్నప్పుడు, పోస్టులో ఉచితంగా వచ్చిన డిస్కు పెట్టుకుని ఫోన్ లైను మీద నడిచే ఒక డయల్-అప్ ఆన్‌లైన్ సర్వీసులో చేరారు. రిటైరై తెనాలి వెళ్లిపోయారు. ఆయన ఇక్కడి క్రెడిట్ కార్డు మీద మాత్రం నెలనెలా ఆ చందా పడుతూనే ఉంది. కార్డు బిల్లు ఆటోపేలో కట్టేస్తుండటంతో ఎవరం గమనించలేదు. అడిగితే "ఆపితే ఈమెయిల్ పోతుందేమోనని ఊరుకున్నా" అంటున్నారు. వాడని సర్వీసుకు కట్టిందంతా రాబట్టవచ్చా?
- ఒక పాఠకురాలు, ఎడిసన్

జవాబు: అంతా రాదండీ. కొంత రావచ్చు. మోడెం ఎప్పుడు అటకెక్కిందన్నది చట్టానికి అక్కర్లేదు. ఆపమని ఎప్పుడు చెప్పారన్నదే ముఖ్యం. సర్వీసు అందుబాటులో ఉంచినందుకే చందా కడతాం కాబట్టి, "నేను వాడలేదు" అన్న ఒక్క మాట మీద కేసు నిలబడదు.

ఇందులో నాన్నగారి తప్పు పెద్దగా లేదు. ఆనాటి చందాల తీరే అంత. కొన్ని గంటలు ఉచితం అంటూ కార్డు నంబరు తీసుకునేవారు. గడువులోగా వద్దని చెప్పకపోతే బిల్లు దానంతటదే మొదలయ్యేది. ఈ సంగతి సరిగా చెప్పలేదంటూ ఏఓఎల్, కంప్యూసర్వ్, ప్రాడిజీ అనే ఆన్‌లైన్ సర్వీసు కంపెనీల మీద, వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపణలు చేస్తే, 1997లో మూడూ రాజీకి వచ్చాయి. గంటల లెక్కన బిల్లు వేసే ఆ రోజుల్లో ఏఓఎల్ ప్రతి కనెక్షన్‌కూ చెప్పకుండా 15 సెకన్లు కలిపి, ఆపైన పూర్తి నిమిషానికి లెక్కగట్టిందన్నది అందులో ఒక ఆరోపణ.

మీకు ఎక్కువ పనికొచ్చేది తర్వాతి గొడవ. చందా ఆపమని ఫోన్ చేసినవాళ్లను ఆపకుండా నచ్చజెప్పి పంపేస్తున్నారన్న ఫిర్యాదులపై ఏఓఎల్ 2005లో న్యూయార్క్ అటార్నీ జనరల్‌తో రాజీ చేసుకుని 12.5 లక్షల డాలర్లు కట్టింది. 2007లో 48 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీలతో మరో రాజీకి 30 లక్షల డాలర్లు. అందుకే నాన్నగారిని నిదానంగా అడగండి: ఎప్పుడైనా ఆపమని ఫోన్ చేశారా? ఉత్తరం రాశారా? ఒక్క మెయిల్ దొరికినా, ఆ తేదీ తర్వాత పడ్డ సొమ్ము ఆయన అనుమతి లేకుండా తీసుకున్నదని వాదించవచ్చు.

ఆధారమేదీ లేకపోతే ఇటీవలి బిల్లుల మీద దృష్టి పెట్టండి. డయల్-అప్ ఒక్కొక్కటిగా మూతబడింది. ఏఓఎల్ కూడా 2025 సెప్టెంబరు 30న ఆపేసింది. మీ కంపెనీ సర్వీసు ఆపేశాక కూడా చందా పడితే, అందని సేవకు బిల్లు వేసినట్టే. అయితే స్టేట్‌మెంట్ మీద ప్లాన్ పేరు చదవండి. టెక్ సపోర్టు, సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కలిపిన ప్యాకేజీ అయితే ఈ వాదన అంత తేలిగ్గా నడవదు.

క్రెడిట్ కార్డు బిల్లుల్లో తప్పులకు సంబంధించిన అమెరికా చట్టం, ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ యాక్ట్ ప్రకారం, తప్పు బిల్లున్న మొదటి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోగా కార్డు కంపెనీకి ఉత్తరం చేరాలి. ఫోన్ మాత్రమే చేస్తే ఆ హక్కు నిలవదు. బిల్లు కట్టే చిరునామాకు కాకుండా, ఫిర్యాదులకు ఇచ్చిన చిరునామాకు నాన్నగారి సంతకంతో పంపండి. వాళ్లు 30 రోజుల్లో అందిందని చెప్పాలి, రెండు బిల్లింగ్ సైకిళ్లలో, ఎంత ఆలస్యమైనా 90 రోజుల్లో, తేల్చాలి.

ఆ 60 రోజుల గడువు దాటిన పాత బిల్లుల డబ్బుకు కోర్టు దారి ఉంది. న్యూజెర్సీలో కాంట్రాక్టు దావాకు కాలపరిమితి 6 ఏళ్లు, చిన్న మొత్తాల దావాలు చూసే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో 5,000 డాలర్ల వరకు అడగవచ్చు. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు (కోర్టుకు బదులు మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న నిబంధన) ఉందేమో చూసుకోవాలి. ఆపమన్న రుజువు లేకుండా అక్కడిదాకా వెళ్లమని నేను చెప్పను. ఆ సర్వీసు కంపెనీకి మర్యాదగా ఉత్తరం రాసి కొన్ని నెలల సొమ్మైనా వాపసివ్వమని అడగండి, అడిగితే పోయేదేమీ లేదు.

కార్డు మార్చేస్తే సరిపోతుందనుకోకండి. కొత్త నంబరును వ్యాపారులకు అందించే ఏర్పాటు కార్డు నెట్‌వర్కుల దగ్గరే ఉంది. ఆపమని కంపెనీకే రాతపూర్వకంగా చెప్పాలి. వాళ్లు ఖాతాదారుడితోనే మాట్లాడతామంటారు. ఇంత చిన్న పనికి పవర్ ఆఫ్ అటార్నీ, దాన్ని విదేశంలో చెల్లేలా చేసే అపోస్టిల్ ముద్ర ఎందుకు? ఇక్కడ రాత్రి, తెనాలిలో పొద్దున్న అయ్యేవేళ నాన్నగారిని కాన్ఫరెన్స్ కాల్‌లో కలపండి. నాన్నగారిలా మీ వారు మాట్లాడటం లాంటి తెలివితేటలు మాత్రం వద్దు, ఆ కాల్స్ రికార్డవుతాయి.

ఇక ఆ ఈమెయిల్ టెన్షన్. ఏఓఎల్ 2006లోనే మెయిల్‌ను ఉచితం చేసింది, చందా ఆపినా అడ్రసు ఉంటుంది. మీ కంపెనీ పద్ధతి ఏమిటో ముందే అడిగి, "పెయిడ్ ప్లాన్ తీసేయండి, మెయిల్ ఖాతా ఉంచండి" అని ఉత్తరంలో విడిగా రాయించండి. అంతకన్నా ముందు కావలసిన మెయిల్స్ దించుకుని, బ్యాంకుకు, సోషల్ సెక్యూరిటీకి ఆ అడ్రసే ఇచ్చి ఉంటే మార్పించండి.