సీటీ స్కాన్ నుంచి త్రీడీ మోడల్: డీప్ లెర్నింగ్‌తోనే మొదలుపెట్టాలా?

ఎంటెక్‌లో సీటీ స్కాన్ల త్రీడీ రీకన్‌స్ట్రక్షన్ మీద ప్రాజెక్టు చేయాలని ఉంది, నేరుగా డీప్ లెర్నింగ్‌కి వెళ్లొచ్చా అని అడిగారు. ముఖం ఎముకల స్కాన్ల మీద కొన్నేళ్లు పనిచేశాను కాబట్టి చెబుతున్నాను: ముందు స్లైసులు, అంటే స్కాన్‌లో వచ్చే అడ్డుకోత చిత్రాలు, చదవడం నేర్చుకోండి.

సీటీలో ప్రతి వోక్సెల్‌కూ, అంటే స్కాన్‌లోని ప్రతి చిన్న ఘనానికీ, ఒక హౌన్స్‌ఫీల్డ్ విలువ ఉంటుంది, అక్కడి పదార్థం ఎక్స్‌రేలను ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె అది. నీటికి 0, గాలికి మైనస్ 1000, ఎముకకు వందల్లో, గట్టి ఎముకకైతే వెయ్యి పైన. 250ని థ్రెషోల్డ్‌గా, అంటే హద్దుగా పెట్టి, అది దాటినదంతా ఎముకే అనుకుని, లోరెన్సన్, క్లైన్ 1987లో ప్రచురించిన మార్చింగ్ క్యూబ్స్ (వోక్సెళ్ల నుంచి ఉపరితలాన్ని గీసే అల్గారిథమ్) నడిపితే పుర్రె మొత్తం తెర మీదికి వచ్చేస్తుంది. చాలామంది పని అయిపోయిందనుకునేది ఇక్కడే.

కంటి గుంట అడుగు చూడండి. అక్కడి ఎముక చాలాచోట్ల మిల్లీమీటరు మందం కూడా ఉండదు. ఒకే వోక్సెల్‌లో ఎముకతోపాటు పైనున్న కొవ్వు, కిందున్న సైనస్ గాలి కూడా పడితే నమోదయ్యేది వాటి సగటే. అది 250 కన్నా తగ్గుతుంది, మోడల్‌లో చిల్లు పడుతుంది. మా ల్యాబ్‌లో అలాంటి మోడల్ చూపిస్తే రేడియాలజిస్టు మేడమ్ దాన్ని పక్కనపెట్టి, కరోనల్ స్లైసులు (ముఖానికి సమాంతరంగా కోసినట్టుండేవి) తెరిచి, సన్నటి తెల్ల గీత మీద వేలుపెట్టారు. "ఎముక ఇదిగో. మీ మోడల్‌లోనే లేదు" అన్నారు. పోనీ థ్రెషోల్డ్ తగ్గిద్దామంటే చుట్టూ ఉన్న కండ కూడా వచ్చి అతుక్కుంటుంది.

డీప్ లెర్నింగ్ నెట్‌వర్క్ ఆ చిల్లును నున్నగా పూడ్చేస్తుంది, నిజమే. కానీ అక్కడ నిజంగానే ఫ్రాక్చర్ ఉంటే దాన్నీ పూడ్చేయొచ్చు. ఆ మోడల్ చూసి సర్జన్ ఎముకకు బిగించే ప్లేటును వంచుతారు. నాకు ఇప్పటికీ టెన్షన్ పెట్టే విషయం ఇదే. అందుకే డేటా చేతికి రాగానే మొదట స్లైస్ మందం చూడండి. 5 మిల్లీమీటర్ల స్లైసులైతే మోడల్ మెట్లు మెట్లుగా వస్తుంది. స్కానర్ కొలవని వివరాన్ని ఏ అల్గారిథమూ తిరిగి తేలేదు, ఊహించగలదు అంతే.

రీకన్‌స్ట్రక్షన్ గణితం, అంటే ఎక్స్‌రే కొలతల నుంచి స్లైసులను తయారుచేసే లెక్క, కూడా వదలొద్దు. లండన్‌లో మొదటి రోగికి సీటీ తీసిన 1971లోనే జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ ఈ లెక్కకు కన్వల్యూషన్ పద్ధతిని ప్రచురించారు. ఆ పద్ధతిలో వాడే రామ్-లాక్ ఫిల్టర్ వాళ్ల పేర్ల మీదే ఉంది. బెంగళూరు ఐఐఎస్సీ పని అది, మనవాళ్లు తప్పకుండా చదవాలి.

సాధనకు 3డి స్లైసర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. డేటాకు ఎల్ఐడీసీ-ఐడీఆర్ఐ అనే స్కాన్ల సేకరణలో 1018 ఊపిరితిత్తుల స్కాన్లు, డాక్టర్లు గుర్తించిన గడ్డలతో సహా ఉన్నాయి. కొన్నింటిని చేత్తో సెగ్మెంట్ చేయండి, అంటే ప్రతి స్లైసులో కావలసిన భాగం అంచు గీసి వేరుచేయండి.

ఆస్పత్రి డేటా కావాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతికి మొదటి సెమిస్టర్‌లోనే దరఖాస్తు పెట్టండి. డైకామ్ (స్కాన్ ఫైళ్ల ఫార్మాట్) హెడర్‌లో పేరు తీసేస్తే సరిపోదు. తల స్కాన్‌లో చర్మం ఉపరితలాన్ని రెండర్ చేస్తే మనిషిని గుర్తుపట్టొచ్చు, కాబట్టి ఎవరికైనా ఇచ్చే ముందు మీ పనికి అక్కరలేని ముఖభాగాన్ని చెరిపేయండి.