సీఏ 19-9 కాస్త పెరిగితే క్యాన్సర్ అనుకోవాలా?

నాన్నగారు, మేనత్త ఇద్దరూ క్లోమ క్యాన్సర్‌తో పోయారని, మీకేమో సీఏ 19-9 (క్లోమ క్యాన్సర్‌లో తరచూ రక్తంలో పెరిగే ఒక పదార్థం) రక్తపరీక్షలో 52 వచ్చిందని రాశారు. నిద్ర పట్టడం లేదన్నారు, ఆ భయం అర్థమవుతోందండీ. కానీ ఆ ఒక్క అంకె చూసి టెన్షన్ పడకండి. 37 లోపు ఉండాలన్నది నిజమే. అయితే పిత్తనాళంలో రాయి అడ్డుపడినా, క్లోమం వాచినా ఇది పెరుగుతుంది. పైగా నూటికి 5 నుంచి 10 మందికి ఒంట్లో ఈ పదార్థం తయారే కాదు. వాళ్లకు క్యాన్సర్ ఉన్నా రిపోర్టు మామూలుగానే వస్తుంది.

రక్తంలో తేలే కణితి డీఎన్‌ఏ ముక్కల్ని పట్టే కొత్త పరీక్షల మీద నాకూ చాలా ఆశ ఉంది. చిక్కల్లా, తొలిదశలో కణితి చిన్నది, అది రక్తంలోకి వదిలే డీఎన్‌ఏ మరీ కొంచెం. జబ్బు అరుదు కూడా. నూటికి ఒక్కటే తప్పు పాజిటివ్ వచ్చినా, 10,000 మందిలో దాదాపు 100 మంది ఊరికే హడలిపోవాలి.

మీ కుటుంబ చరిత్రకు మాత్రం రక్తపరీక్ష ఒక్కటే చాలదు. గ్యాస్ట్రో డాక్టర్‌ని కలిసి రెండు విషయాలు అడగండి: వంశపారంపర్యంగా క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ2 లాంటి జన్యువుల్లో లోపాల కోసం పరీక్షలు, ఏటా ఎంఆర్‌ఐ లేదా ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (నోటి ద్వారా సన్నని గొట్టం పంపి లోపలి నుంచి చేసే స్కాన్). కళ్లు పచ్చబడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, కొత్తగా షుగర్ వచ్చినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే వెళ్లండి.