పిల్లి సంగతి బిడ్డకు చెప్పకుండా ఎన్నాళ్ళు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా పిల్లికి 14 ఏళ్ళు. ఈమధ్య నీళ్ళు తెగ తాగుతోంది, బాగా చిక్కిపోయింది. రక్తపరీక్ష చేసి కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. రోజు విడిచి రోజు చర్మం కింద సెలైన్ ఎక్కించాలట. ‘ముసలి పిల్లికి సూదులేంది’ అని మా అత్తమ్మ, ఖర్చని మా ఆయన. తనకు ఐదేళ్ళప్పుడు దాన్ని గౌనులో దాచి తెచ్చింది మా అమ్మాయే. ఇప్పుడు హైదరాబాద్‌లో నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో ఉంది. చదువు పాడవుతుందని చెప్పలేదు. వీడియో కాల్‌లో పిల్లిని చూపించమంటే పడుకుందని అబద్ధమాడుతున్నా. ఇదంతా బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్లేనా?

జవాబు: అమ్మా, ముసలి పిల్లులకు ఈ జబ్బు ఏ ఊళ్ళోనైనా వస్తుంది. కిడ్నీల పని మూడింట రెండు వంతులు పోయేదాకా పైకి పెద్దగా తెలియదు కూడా. ముందే ఎందుకు చూసుకోలేదని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

పోయిన కిడ్నీ తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకుంటూ రోజులు హాయిగా గడిచేలా చూడటమే మన పని. నీళ్ళ గిన్నెలు ఇంట్లో రెండు మూడు చోట్ల పెట్టండి. ఎండుచేపలు మానిపించండి. కిడ్నీ జబ్బుకు అమ్మే ప్రత్యేక మేత మంచిదే, కానీ దాన్ని ముట్టుకోకపోతే పస్తు మాత్రం ఉంచకండి. ఉప్పు, ఉల్లి లేకుండా ఉడికించిన చికెనైనా తిననివ్వండి. ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టరుకు ఫోన్ చేయాల్సిందే. నలతగా ఉందని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ ముక్క వేస్తారేమో, పిల్లికి అది విషం.

ఖర్చు దగ్గర మీ ఆయనదే తప్పని నేననను. సెలైన్ సీసాకు పెద్దగా కాదు, ప్రతిసారీ ఆస్పత్రికి తిరగడానికే పైసలు పోతాయి. ఇంట్లో ఎక్కించడం నేర్పమని డాక్టరును అడగండి. ఎంత ఎక్కించాలో ఆయనే చెబుతారు. సీసాను గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు ఉంచి, కిటికీ చువ్వకు వేలాడదీసి, భుజాల మధ్య వదులు చర్మాన్ని గుడారంలా పైకెత్తి సూది గుచ్చాలి. ప్రతిసారీ కొత్త సూదే. ఎక్కించాక అక్కడ బుడగలా ఉబ్బుతుంది, కొన్ని గంటల్లో అదే తగ్గిపోతుంది. నెలకు ఇంతవరకు పెట్టగలం అని ఇద్దరూ ఇప్పుడే ఒక అంకె అనుకోండి. అర్ధరాత్రి పిల్లి వాంతి చేసుకుంటున్నప్పుడు ఆ మాట తేలదు.

ఇక అత్తమ్మ. బర్రె ఈనుతుంటే తెల్లార్లూ కొట్టంలో కూర్చున్న తరం కదా ఆమెది. సూది గుచ్చేటప్పుడు పిల్లిని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పట్టుకోమనండి. ఆ మెత్తటి బరువు ఒళ్ళో పడ్డాక కూడా అదే మాట అంటారని నేననుకోను.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది మాత్రం వీడియో కాల్ సంగతే. పరీక్షయ్యాక ఇంటికొచ్చి ఖాళీ గిన్నె చూస్తే, ఆ పిల్ల ఏడ్చేది పిల్లి కోసమే కాదు. ఫోన్‌లో మీరు ‘అంతా బాగుంది’ అన్న ప్రతిసారీ ఇంకేం దాస్తున్నారోనని ఆమెకు టెన్షనే. మీ గొంతు మారడం ఈపాటికే పట్టేసి ఉంటుందని నా అనుమానం. ఈ ఆదివారం చెప్పేయండి. జబ్బు పేరు, అది తింటోందా లేదా, డాక్టరు ఏమన్నారు, అంతవరకు చాలు. ఒక్క పూటకు వచ్చి చూసిపోతానంటే రానివ్వండి, ఇంకా గుర్తుపట్టి దగ్గరకొచ్చే రోజుల్లోనే. తినడం మానేసి, ఎప్పుడూ పడుకునే చోటుకు కూడా వెళ్ళలేని స్థితి వస్తే, బాధ లేకుండా సాగనంపే సూది గురించి డాక్టరుతో మాట్లాడాలి. ఆ మాట అనుకునేటప్పుడు మీ అమ్మాయి కూడా ఫోన్‌లో ఉండాలి.